ఆడచెట్టు కోసం గిద్దలూరు దాకా

మాది కడియం పక్క ఊరు. మొక్క కావాలంటే దేశం నలుమూలల నుంచీ జనం లారీలు వేసుకుని మా వైపు వస్తారు. అలాంటి చోట పుట్టి పెరిగి, ఒక్క మొక్క కోసం ప్రకాశం పడమటి మెట్టకు బయల్దేరిన వాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. మార్కాపురం అనగానే మా వీధివాళ్ళు పలకలు కొనడానికా అని నవ్వారు. అక్కణ్ణించి గిద్దలూరు కూడా అన్నాక నవ్వడం మానేశారు. పెళ్ళాం పోయాక సొసైటీ గుమాస్తాగారికి మతి నిలకడగా లేదని ఎదురింటివాళ్ళు అనుకోవడం నా చెవిన పడింది. వాళ్ళను తప్పు పట్టలేను. రిటైరయ్యాక రాజమండ్రి దాటడానికే బద్ధకించే మనిషిని.

నేను వెళ్ళింది ఒక కూజా మొక్క కోసం. చూడనివాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. ఆకు కొస తీగలా సాగుతుంది. ఆ తీగ చివర ఒక చిన్న కూజా వేలాడుతుంది, మూతతో సహా. అందులో కొంచెం నీళ్ళుంటాయి. తేనె వాసనకు వచ్చిన చీమా దోమా జారి అందులో పడితే చెట్టు వాటిని తిని బతుకుతుంది. మా ఆవిడ సత్యవతి చాలా ఏళ్ళ కింద నర్సరీలో ఒక్కటి కొని తెచ్చి డాబా మీద నీడకు కట్టిన పచ్చ వల కింద వేలాడదీసింది. దాని భోగం అంతా ఇంతా కాదు. మట్టి వద్దు, కొబ్బరి పీచు, బొగ్గు ముక్కలు కావాలి. ఎరువు పనికిరాదు. గాలిలో తేమ ఉండాలి. నీళ్ళు మాత్రం వాననీళ్ళే. డాబా మీద వాననీళ్ళ డ్రమ్ము ఒకటి దానికోసమే ఉండేది. ఒకసారి ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నానని రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

మొదటిసారి పూసినప్పుడు కళ్ళజోడు పెట్టుకుని పరీక్షగా చూసి, "ఆడదండీ" అంది. ఈ మొక్కల్లో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఆడపువ్వులో నడిమధ్య ఆకుపచ్చ బుడిపె ఉంటుంది. మగపువ్వులో అక్కడ పసుపు పుప్పొడి ముద్ద ఉంటుంది. ఆ పుప్పొడి దొరికితే విత్తనాలు కట్టించాలని ఆమె ఆశ. ఫోనులో మొక్కల గ్రూపులన్నీ వెతికింది, నర్సరీలన్నీ తిరిగింది. ఎవరి దగ్గర మగచెట్టు ఉన్నా తనది పూసినప్పుడు అది పూయదు. సంబంధాలు చూస్తున్నావా అని నేను ఏడిపించేవాణ్ణి. విత్తనాలు లేవు కనక కొమ్మ ముక్కలు నాటి పెంచింది. కొమ్మ ముక్క పిల్ల కాదు, అదే చెట్టు అనేది. ఆడచెట్టు ముక్క ఎన్నిచోట్ల నాటినా ఆడచెట్టే.

పోయిన ఎండాకాలం ఆమె విశాఖ ఆసుపత్రిలో పోయింది. నెలల తరబడి ఇల్లు తాళం వేసి ఉంది. కార్యక్రమాలన్నీ అయ్యాక డాబా ఎక్కి చూస్తే పచ్చ వల చినిగి ఉంది. తీగలు ఎండి పుల్లలయ్యాయి. కూజాలు పాత కాగితంలా చేతిలో పొడి అయ్యాయి. నేను ఆసుపత్రిలో ఏడవలేదు, శ్మశానంలో ఏడవలేదు. అక్కడ, ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని ఏడ్చాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఆమె తన చెట్టు ముక్కలు రెండు ఆ పడమటి మెట్టకు ఇచ్చింది. ఒకటి మార్కాపురంలో పలకల పని చేయించే కాశిరెడ్డికి. అతను గ్రూపులో పరిచయం. రెండోది మా వైపు నర్సరీలో కొన్నాళ్ళు పనిచేసి, గిద్దలూరు అవతల సొంత ఊరికి వెళ్ళిపోయిన సుజనకు. రెండింట్లో ఏ ఒక్కటి బతికున్నా సత్యవతి చెట్టు బతికున్నట్టే. వానలు పడగానే బయల్దేరాను.

దొనకొండలో నేను, మార్కాపురంలో సంచి

గుంటూరు దాటాక రైలు పెట్టె సగం ఖాళీ అయింది. ఎదుటి సీటులో ఒక పెద్దావిడ వినుకొండలో ఎక్కి, నా సంచిలోంచి నీళ్ళు కారుతున్నాయని చెప్పింది. తడి కొబ్బరి పీచు తెచ్చాను మరి, ముక్కలు చుట్టుకోవడానికి. చేపలా అని అడిగింది. మొక్క కోసం మార్కాపురం పోతున్నానన్నాను. చేపలైతేనే బాగుండేదన్నట్టు చూసి అటు తిరిగింది.

దొనకొండ స్టేషనులో మిరపకాయ బజ్జీల వాసన వచ్చింది. దిగాను. మా వైపు బజ్జీలో కారం ఉందా లేదా అని వెతుక్కోవాలి. ఇక్కడ మొదటి కొరుకుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు తుడుచుకునేలోపల రైలు కదిలింది. పరుగెత్తే వయసు కాదు. చేతిలో రెండు బజ్జీలు, జేబులో ఫోను, అంతే. సంచి రైల్లో ఉంది.

బజ్జీలమ్మే ఆమె ఏమాత్రం కంగారు పడలేదు. బల్ల చూపించి కూర్చోమంది. కాశిరెడ్డికి ఫోను చేస్తే అతను అప్పటికే మార్కాపురం స్టేషనులో నాకోసం ఎదురుచూస్తున్నాడు. కాసేపటికి అతనే ఫోను చేశాడు. ఒక పెద్దావిడ కిటికీలోంచి తడి సంచి ఊపుతూ చేపలాయన తాలూకు ఎవరూ, చేపలాయన తాలూకు ఎవరూ అని అరుస్తుంటే వెళ్ళి తీసుకున్నాడట. నాకంటే ముందు నా సంచి గమ్యం చేరింది.

టీ తాగుతూ గ్లాసు నీళ్ళు అడిగితే బజ్జీలామె క్యానులోంచి పట్టి ఇచ్చింది. బోరు నీళ్ళు తాగొద్దని హెచ్చరించింది. "ఈ నీళ్ళు తాగితే పండ్లు గార పడతాయి పెద్దాయనా. మా వయసోళ్ళ నోర్లు చూడు" అని తన పళ్ళు చూపించింది. గోధుమ రంగు చారలు. మేం గోదావరి ఒడ్డున నీళ్ళను నీళ్ళుగా చూశాం తప్ప అందులో మంచీ చెడూ ఉంటాయని ఎప్పుడూ అనుకోలేదు. మనుషుల పళ్ళనే ఇలా చేసే నీళ్ళు వాననీళ్ళు తప్ప సహించని చెట్టును ఏం చేసి ఉంటాయోనని నాకు గుబులు పుట్టింది.

ఎవరి మొక్క అని ఆమె అడిగింది. మా ఆవిడదన్నాను. ఆమె యాడుంది అంది. లేదన్నాను. ఆమె ఫ్యాను నా వైపు తిప్పింది.

మార్కాపురం: బూడిద రంగు ఊరు

బస్సులో మార్కాపురం చేరేసరికి ఎండ వాలింది. దారంతా ఎర్రనేల, కంది, పత్తి, దూరంగా గుండ్రటి కొండలు. వాన పడ్డ నాలుగు రోజులకే నేల మళ్ళీ ఎండి ఉంది.

కాశిరెడ్డికి నలభై ఏళ్ళుంటాయి. ఊరి బయట రేకుల షెడ్డులో పలకరాయి కోయించి, చెక్క చట్రాలు బిగించి పంపుతాడు. ఇప్పుడు బడిపిల్లలు పలకలు పట్టడం తగ్గిపోయి గోడలకు, నేలకు అంటించే బిళ్ళలే ఎక్కువ పోతున్నాయని చెప్పాడు. షెడ్డు చుట్టూ చెట్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి. పనివాళ్ళ కనుబొమలు కూడా అదే రంగు. చిన్నప్పుడు నేను ఉమ్మి రాసి తుడిచిన పలక ఇక్కడి రాయేనేమో అనుకున్నాను.

వాళ్ళిల్లు షెడ్డు వెనకే. మొక్క ఏదని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అతను కూడా చెప్పకుండా నన్ను భోజనానికి కూర్చోబెట్టాడు. సంగటి, వంకాయ పులుసు. మా వైపు అన్నాన్ని కలుపుతాం. ఇక్కడ ముద్దను తుంచి, పులుసులో అద్ది, నమలకుండా మింగాలట. నేను నమిలాను. కాశిరెడ్డి వాళ్ళమ్మ నన్ను చూసి ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వుతోనే అసలు సంగతి బయటికొచ్చింది.

దోమల మందు కొట్టేవాళ్ళు వారం వారం వచ్చి, ఇంట్లో ఎక్కడా నీళ్ళు నిలవుండకూడదని చెప్పిపోయేవారట. ఆ పెద్దమ్మ మాట జవదాటే మనిషి కాదు. గోళెం ఒలకబోసింది, టైర్లు ఒలకబోసింది, తర్వాత వెళ్ళి చెట్టుకున్న కూజాలన్నిటినీ ఒక్కొక్కటే వంచి గ్లాసులు బోర్లించినట్టు బోర్లించింది. "నీళ్ళు నిలవుంటే దోమలు పుడతయ్యన్రి గదా నాయనా. చెట్టయితేంది, చెంబయితేంది" అంది. నాకూ నవ్వొచ్చింది. ఆ చెట్టు దోమల్ని తినే చెట్టని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అయితే చెట్టు పోయింది అందువల్ల కాదు. కాశిరెడ్డి నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి ఒక కుండీ చూపించాడు. అందులో మొక్క లేదు. వాన లేని ఒక ఎండాకాలం డ్రమ్ము ఖాళీ అయితే వారం రోజులు బోరునీళ్ళు పోశాడు. ఆకుల అంచులు మాడి, పీచు మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. సత్యవతికి ఫోను చేసి చెప్తే ముందు తిట్టి, తర్వాత ఓదార్చిందట. అంతకు ముందే అది ఒకసారి పూసింది. మగపువ్వు వస్తుందేమోనని అతను ఆశపడి అడిగితే, ఆడచెట్టు ముక్కకు మగపువ్వు పూస్తే నాకు చెప్పు, పేపర్లో వేయిద్దాం అందట. అది అచ్చం ఆమె మాటే. ఆమె గొంతు నాకు ఆ పెరట్లో వినిపించినట్టయింది.

"ఆమె చేతి ముక్క. కుండీ పారేసేదానికి మనసొప్పలేదన్నా" అన్నాడు కాశిరెడ్డి. అతను పీచులో బొగ్గుకు బదులు పలకరాయి చిన్న ముక్కలు కలిపేవాడు. నీరు నిలవకుండా జారిపోతుందని సత్యవతి కూడా మెచ్చుకుందట. ఆ కుండీలోని రాతిముక్కలే కడిగి ఒక సంచి నింపి ఇచ్చాడు. గిద్దలూరు చెట్టు ముక్కను వీటిలో నాటు అన్నాడు. రెండింట్లో ఒకటి పోయింది. ఇక మిగిలింది సుజన చెట్టు.

కంభం చెరువు గట్టు మీద

మర్నాడు పొద్దున బస్టాండు దగ్గర ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగుల తాలింపు, పక్కన మళ్ళీ మిరపకాయ బజ్జీ. ముప్ఫై రూపాయలకు మధ్యాహ్నం దాకా ఆకలి ఊసుండదు. మా వైపు వీటిని మరమరాలంటాం, ఉండలు చేస్తాం, లేదా పిల్లలకు పెడతాం. ఇలా టిఫిను చెయ్యొచ్చని సత్యవతికి చెప్పాలనుకున్నాను. ఫోను తీసి చేతిలో పట్టుకున్నాక గాని తెలివి రాలేదు. ఈ పొరపాటు ఇంకా ఎన్నాళ్ళు చేస్తానో నాకు తెలియదు.

గిద్దలూరు బస్సు కంభం మీదుగా వెళ్తుంది. చెరువు చూడకుండా పోతే కంభం వచ్చినట్టు కాదని బస్సులో పక్కాయన పట్టుబట్టాడు. దిగి ఆటోలో గట్టు దాకా వెళ్ళాను. చెరువు అంటే మా వైపు గేదెలు పడుకునేది. ఇది కొండల మధ్య సముద్రంలా ఉంది. గాలి తడిగా వచ్చి మొహానికి తగిలింది. ఆ గాలికి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత తేమ ఇక్కడ ఉంటే, ఇంకా అడవి దగ్గరగా ఉన్న సుజన ఊళ్ళో చెట్టు నిక్షేపంలా ఉంటుంది అనుకున్నాను. చాలా నెలల తర్వాత ఒక విషయం మీద ఆశ పెట్టుకోవడం అదే మొదలు.

సుజన గురించి ఇక్కడే చెప్పాలి. వాళ్ళ ఊళ్ళో పంటలు పోయిన ఒక ఏడాది ఆమే, మొగుడూ మా వైపు నర్సరీ పనికి వలస వచ్చారు. సంచుల్లో మట్టి నింపేది. సెలవు రోజు మా ఇంటికొచ్చి డాబా మీద సత్యవతితో కూర్చునేది. అక్కా అని పిలిచేది, ఆ వరసన నన్ను బావా అనేది. మాకు పిల్లల్లేరు, సత్యవతికి తోబుట్టువులూ లేరు. ఉన్న ఒక్క చెల్లెలూ ఇలా దొరికింది. సొంత ఊరు వెళ్ళిపోయేటప్పుడు వేరుపట్టిన ముక్కనిచ్చి పంపింది. సత్యవతి ఆసుపత్రిలో ఉండగా సుజన రోజూ ఫోనులో ఆ చెట్టు ఫొటో పంపేది. సత్యవతి మందులు వేసుకునే ముందు అది చూసేది. చూసి, "నా చెట్టు గిద్దలూరులో ఉంది" అని నర్సులకు చెప్పేది.

నల్లమల కింద ఊరు

గిద్దలూరులో బస్సు దిగితే సుజన మొగుడు ఏసోబు బండి మీద వచ్చి ఉన్నాడు. నెమ్మదైన మనిషి. దారిలో చింతచెట్లు, మిరప తోటలు, ఎదురుగా నీలంగా నల్లమల. పదిసార్లు మాట్లాడిస్తే పదకొండోసారి అవునన్నా అనే మనిషి ఆ రోజు అది కూడా అనలేదు. అలసిపోయాడనుకున్నాను.

వాళ్ళది చర్చి వెనక వీధి. సుజన గుమ్మంలోనే నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే నా చూపు ఆమె భుజం మీదుగా పంచలోకి పోయింది. సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి, కాని నిజం అదే.

చెట్టు అక్కడ ఉంది. రేకుల చూరుకు వేలాడుతూ, కింద నీళ్ళతొట్టి తేమ తగిలేట్టు కట్టి ఉంది. తీగ చూరెక్కి పాకింది. అరచెయ్యంత కూజాలు, పచ్చటి ఒంటి మీద ఎర్రటి చారలు. సత్యవతి డాబా మీద చెట్టు మంచి రోజుల్లో కూడా ఇంత ఏపుగా లేదు. చూరు చివర డబ్బా రేకు వంచి వాననీళ్ళు డ్రమ్ములోకి పట్టే ఏర్పాటు చేశారు. నేను ఒక కూజాను అరచేతిలోకి తీసుకున్నాను. చల్లగా, కొంచెం బరువుగా ఉంది. చచ్చిపోయిన మనిషి చెయ్యి కాదు, బతికున్న మనిషి చెయ్యి పట్టుకున్నట్టుంది.

జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, నాటుకోడి కూర పెట్టారు. నేను చెట్టు గురించి అడుగుతూనే ఉన్నాను. సుజన రొట్టెలు కాలుస్తూ పొయ్యి వైపే చూసి జవాబులు చెప్పింది.

చేతులు కడుక్కుని మళ్ళీ చెట్టు దగ్గరికి వెళ్ళాను. ఏ కొమ్మ కోయాలా అని తీగ వెంబడి చూస్తూ పోతే పైన ఆకుల్లో పూల గెల కనిపించింది. కళ్ళజోడు పెట్టుకుని, స్టూలెక్కి, గెలను దగ్గరికి వంచాను. వేలికి పసుపు పొడి అంటింది.

ఒక్కో పువ్వూ చూశాను. ఒక్కదానికీ ఆకుపచ్చ బుడిపె లేదు. అన్నిటికీ పసుపు ముద్దలే. అది మగచెట్టు. సత్యవతి చెట్టు ముక్క కాదు, ఎప్పటికీ కాలేదు. నేను ఇన్ని ఊళ్ళు దాటి వచ్చింది లేని చెట్టు కోసం.

సుజన కత్తెర పట్టుకుని వెనకే వచ్చి, ఎన్ని ముక్కలు కావాల బావా అని అడిగింది.

"సుజనా, ఇది మగచెట్టు" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. పువ్వు చూపించి, ఆడా మగా తేడా చెప్పాను. చెప్తుండగానే ఆమె కత్తెర తొట్టి అంచున పెట్టి కింద కూర్చుంది. ఏసోబు ఇంట్లోంచి వచ్చి, చెప్పు, ఇంక దాచేదేముంది అన్నాడు.

కోతపండగ

పంటలు ఇంటికొచ్చాక వాళ్ళ చర్చిలో కోతపండగ చేస్తారు. ఎవరికి పండినదాంట్లో మొదటిది వాళ్ళు దేవుని సన్నిధికి తెస్తారు. వడ్లు, కందులు, గుమ్మడికాయలు, మొదటి గుడ్లు, కోడిపిల్లలు. ప్రార్థన అయ్యాక చర్చి ముందు వాటన్నిటినీ వేలం పాడతారు. ఆ డబ్బు చర్చికి పోతుంది. మా వైపు దేవుడికిచ్చింది మళ్ళీ ప్రసాదంగా మనకే వస్తుంది. ఇక్కడ పాట పాడి ఎవరు గెలిస్తే వాళ్ళు తీసుకుపోతారు. మక్కువున్న వస్తువైతే తెచ్చినవాళ్ళే ఎక్కువ పాడి వెనక్కి తెచ్చుకోవడమూ ఉందట, ఎవరూ తప్పనుకోరు.

ఆ ఏడు పండగ ముందే సత్యవతికి జబ్బని తెలిసింది. సుజనకు పొలం లేదు, కూలికి పోయే మనిషి. తన చేతుల మీద పెరిగింది ఆ చెట్టొకటే. అక్కను బతికించమని మొక్కుకుని, దాన్ని కుండీతో సహా తీసుకెళ్ళి దేవుని బల్ల ముందు పెట్టింది. గుమ్మడికాయల మధ్య ఆ కూజాలను చూడ్డానికి చర్చి అంతా ఎగబడింది. వేలంలో సంఘపెద్ద ఒకాయన ముచ్చటపడి పాడుకున్నాడు.

నువ్వెందుకు పాడలేదు అని అడిగాను.

"దేవునికిచ్చి మళ్ళా నేనే పాడుకుంటే ఇచ్చినట్టెట్ల అవుతాది బావా? అక్క కోసం ఇచ్చినా. వెనక్కి తీసుకుంటే అక్కను వెనక్కి తీసుకుంటాడేమోనని భయమేసినాది" అంది సుజన.

ఆ పెద్దాయన మంచివాడే. ఇంటి ముందు గుంత తీయించి, ఎర్రమన్ను, మేక ఎరువు వేసి, చెట్టును నేలలో నాటి రోజూ రెండు పూటలా బోరునీళ్ళు పోయించాడు. ఏ చెట్టుకైనా ఇంతకంటే మర్యాద ఏం చేస్తారు. సుజన కూలికి పోయే దారి ఆ ఇంటి ముందు నుంచే. రోజూ చూసింది. మొదట కూజాలు ఎండాయి, తర్వాత ఆకులు మాడాయి. వాననీళ్ళు పొయ్యండి అని ఒక్కమాట చెప్పలేకపోయింది. ఇచ్చేసినదాన్ని గురించి మళ్ళీ మాట్లాడితే ఇచ్చినట్టు కాదని నోరు కట్టుకుంది. నెల తిరక్కుండా చెట్టు పోయింది.

ఆ వారంలోనే ఆసుపత్రి నుంచి సత్యవతి ఫోను చేసి నా చెట్టు చూపించవే అంది. ఫోను పాడైందని సుజన అబద్ధం చెప్పింది. ఏసోబు బస్సెక్కి కడియం వచ్చి, అలాంటి రంగుదే వెతికి కొని, ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాడు. మా ఊరి పక్కకే వచ్చాడు, మా తాళం వేసిన ఇంటి ముందు నుంచే వెళ్ళాడు. ఆ మర్నాటి నుంచి ఫొటోలు మొదలయ్యాయి.

"అంత జబ్బులో ఉన్న మనిషికి నీ చెట్టు చచ్చిపోయిందని ఎట్ల చెప్పేది బావా? మోసం చేసినా. అక్క నమ్మి పోయింది. అది నా గొంతులో అడ్డం పడి ఉండాది" అంది.

పువ్వు ఫొటో అక్కకు పంపించావా అని అడిగాను. పంపించింది. పూసిందన్న సంతోషంలో బాగా దగ్గరగా తీసి పంపించింది. అప్పుడు సత్యవతి గొంతుతో ఒక మెసేజి పంపిందట. సుజన ఫోను తెచ్చి వినిపించింది.

ఆమె పోయాక ఆమె గొంతు నేను వినడం అదే మొదలు. ఆయాసపడుతూ, మాట మాటకూ ఆగుతూ ఉంది. "సుజనా, పువ్వు చూశానే. బాగా పూసింది. ఇంకేం దిగులు పెట్టుకోకు. రోజూ ఫొటో పెట్టు, మానకు."

నాకు ఆ రోజు గుర్తొచ్చింది. మంచం మీద పడుకుని కళ్ళజోడు అడిగింది. ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. తర్వాత చిన్నగా నవ్వింది. ఏంటని అడిగితే, "ఏం లేదండీ. సుజన మంచి పిల్ల" అంది. మందు మత్తులో ఏదో అంటోందనుకుని నేను పట్టించుకోలేదు. మొదటి పూత నాడే ఆడదో మగదో చెప్పిన మనిషి, జీవితమంతా మగపువ్వు కోసం వెతికిన మనిషి ఆ ఫొటో చూసి పోల్చుకోలేదంటే నేను నమ్మను. ఆమెకు ఆ క్షణమే తెలిసింది, తన చెట్టు లేదని. ఆ తర్వాత కూడా నర్సులకు నా చెట్టు గిద్దలూరులో ఉందనే చెప్పింది. ఆ మాట నాక్కూడా చెప్పకుండా ఒక్కతే మోసుకుపోయిందని నాకు ఆమె మీద కోపమొచ్చింది. ఆ కోపంలోనే ఏడుపొచ్చింది.

"మీ అక్కకి తెలుసు సుజనా" అన్నాను.

"ఏం తెలుసు బావా?"

"ఇది తన చెట్టు కాదని."

సుజన నా మొహంలోకి చూసింది. "తెలిసీ నన్ను అడగలేదా?"

"దిగులు పెట్టుకోవద్దంది కదా. రోజూ ఫొటో పెట్టమంది కదా."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని తొట్టి పక్కన ముడుచుకుపోయి ఏడ్చింది. ఇందాక గుమ్మంలో ఏడ్చిన ఏడుపు కాదిది. ఏసోబు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.

తిరిగి వచ్చాక

మర్నాడు బయల్దేరుతూ ఒక ముక్క కోసివ్వమన్నాను. దీన్నెందుకు బావా, అక్కది కాదు గదా అంది. అయినా కోసివ్వమన్నాను. రెండు కణుపులు ఉండేట్టు, కొమ్మను ఏటవాలుగా కోసి, ఆకులు సగానికి కత్తిరించి, తడి పీచులో చుట్టింది. సత్యవతి చేతులు ఎలా కదిలేవో ఆ చేతులు అలాగే కదిలాయి. పీచు పొట్లం ఒళ్ళో పెట్టుకుని రైల్లో కూర్చున్నాను. ఈసారి ఏ స్టేషనులోనూ దిగలేదు.

ఇంటికొచ్చి కాశిరెడ్డి ఇచ్చిన పలకరాయి ముక్కల్లో పీచు కలిపి నాటాను. పచ్చ వల కొత్తది కట్టించాను. డ్రమ్ము కడిగి వానకు పెట్టాను. వేరుపట్టి, కొత్త ఆకు వేసి, నిన్ననే చిటికెన వేలంత కూజా తొడిగింది. మూత ఇంకా తెరుచుకోలేదు. రోజూ పొద్దున నీళ్ళు పోసి, ఫొటో తీసి సుజనకు పెడుతున్నాను. మానలేదు. ఇది సత్యవతి చెట్టు కాదు. సత్యవతి ఆఖరున రోజూ చూసుకున్న చెట్టు.

ఎప్పుడో ఇదీ పూస్తుంది. ఆమె అన్ని ఊళ్ళూ వెతికిన మగపువ్వు మా డాబా మీదే పూస్తుంది. ఆ పుప్పొడి అడిగిన మనిషీ లేదు, ఆ ఆడచెట్టూ లేదు.